రెండో బ్రేకు లేని సీటు: డ్రైవింగ్ స్కూల్ ఇన్‌స్ట్రక్టర్‌గా నా అనుభవం

నిన్న రాత్రి ఈమెయిల్ వచ్చింది. మిమ్మల్ని మా ఇన్‌స్ట్రక్టర్ల జాబితాలో చేర్చాం అని ఒక వాక్యం, టీషర్టు సైజు చెప్పండి అని ఇంకో వాక్యం. అంతే. ఇన్నాళ్ళు తిప్పించుకున్నవాళ్ళు ఇంకో నాలుగు ముక్కలు రాస్తే వాళ్ళ సొమ్మేం పోయేదో తెలీదు. అయినా సంతోషంగానే ఉంది. కోపం కూడా ఇంకా కొంచెం ఉంది. రెండూ చల్లారకముందే రాసేస్తే మనవాళ్ళలో ఇంకెవరికైనా పనికొస్తుంది.

అసలు ఇదేమిటో ముందు చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగిన దగ్గర్నుంచి, నేను కూడా రేసుల్లో దిగుతున్నానని హైదరాబాద్‌లో మా బావమరిది అందరికీ చెబుతున్నాడు. నేను చేసేది రేసు కాదు. ఇక్కడ అమెరికాలో కార్ల క్లబ్బులు శని, ఆదివారాల్లో రేస్ ట్రాక్‌ను అద్దెకు తీసుకుని డ్రైవింగ్ స్కూల్ నడుపుతాయి. ఎవరి కారు వాళ్ళే తెచ్చుకోవాలి. టైమ్ చూడరు, కప్పులివ్వరు. ముందున్నవాడు చెయ్యి బయటపెట్టి సైగ చేస్తే తప్ప దాటనివ్వరు. బ్రేకు ఎక్కడ తొక్కాలి, స్టీరింగ్ ఎక్కడ తిప్పాలి, టైరు పట్టు ఎక్కడిదాకా ఉంటుంది, ఇవి నేర్పుతారు. కొత్తవాళ్ళ పక్క సీట్లో ఒక ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. జీతం ఉండదు. బదులుగా మన కారును ఇన్‌స్ట్రక్టర్ల గ్రూపులో ఫీజు లేకుండానో, తక్కువ ఫీజుతోనో నడుపుకోనిస్తారు. మన ఊళ్ళో డ్రైవింగ్ స్కూల్ మారుతిలో ఉన్నట్టు పక్క సీటు దగ్గర రెండో బ్రేకు ఉండదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, నా బాధంతా దాంతోనే.

మేం ఉండేది నార్త్ కరోలినాలో, ర్యాలీ నగరం పక్కన. కూరగాయల కొట్టుకు వెళ్ళినా తెలుగు వినిపించే చోటు. అక్కడినుంచి ఉత్తరంగా వెళ్తే రాష్ట్రం సరిహద్దు దాటగానే వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వే వస్తుంది. అందరూ వీఐఆర్ అంటారు. 1957లో మొదలై, 1974లో మూతపడి, 2000లో మళ్ళీ తెరుచుకున్న ట్రాక్. పూర్తి కోర్సు 3.27 మైళ్ళు, అంటే 5 కిలోమీటర్ల పైమాటే. 17 మలుపులు, ఎత్తుపల్లాలు బాగా ఎక్కువ. నేను విద్యార్థిగా మొదలుపెట్టింది అక్కడే. గొప్పకు చెప్పుకోవడం కాదుగానీ, కొత్తవాళ్ళ గ్రూపునుంచి పై గ్రూపుదాకా నన్నెక్కడా ఆపలేదు.

ఇన్‌స్ట్రక్టర్ అవుతానని దరఖాస్తు పంపాను. జవాబు లేదు. మళ్ళీ పంపాను. లేదు. ఆ పని చూసే పెద్దమనిషి ఒకరోజు ప్యాడాక్‌లో, అంటే ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట, ఎదురుపడి "ఓ, నువ్వేనా" అన్నాక కాగితం కదిలింది. కాబట్టి ఈమెయిల్‌ని నమ్ముకోకండి. పొద్దున డ్రైవర్ల మీటింగ్ అయ్యాక కాఫీ దగ్గర నిలబడ్డ మనిషిని పట్టుకోండి. పేరుకు స్వచ్ఛంద సేవే గానీ పద్ధతి మన ఎమ్మార్వో ఆఫీసుదే, మొహం చూపిస్తే తప్ప ఫైలు లేవదు.

తర్వాత కొన్ని తేలిగ్గా అయిపోయాయి. మోటర్‌స్పోర్ట్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళ ఆన్‌లైన్ లెవెల్ 1 కోర్సు ఇంట్లో కూర్చుని పూర్తిచేశాను. హెల్మెట్ ఉంది. మోటర్‌సైకిల్ హెల్మెట్ తీసుకెళ్ళి గొడవపడకండి, స్నెల్ సంస్థ 'ఎస్ఏ' ముద్ర ఉన్నదే కావాలి. దానికి మంటను తట్టుకునే పరీక్ష కూడా ఉంటుంది. ట్రాక్ పక్కన ఊపే జెండాల అర్థాలు ఎలాగూ వచ్చు. ఇక నా కారులో నా డ్రైవింగ్ చూసే చెక్ రైడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్కన కూర్చున్నాయన రెండో ల్యాప్‌నుంచి, అంటే ట్రాక్ మీద రెండో చుట్టునుంచి, ఇంటి వెనక కడుతున్న గ్యారేజ్ గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు. అంతకన్నా సర్టిఫికెట్ ఇంకేం కావాలి?

ఏడిపించింది ఆ తర్వాతి మెట్టు. దాన్ని మాక్ రైడ్ అంటారు. ఒక సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ కొత్త విద్యార్థిలా నటిస్తూ కారు నడుపుతాడు. మనం పక్కన కూర్చుని నేర్పాలి. ఆయన కావాలనే తప్పులు చేస్తాడు. కనిపెట్టాలి, సరిదిద్దాలి, మాట వినకపోతే కారును పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన ఆగే చోటికి, తెప్పించాలి. నాకు పడ్డాయన రిటైరైన మనిషి, రేసింగ్ లైసెన్సు ఉంది, పాత మియాటా కారు. హెల్మెట్ల లోపల ఇంటర్‌కమ్ పెట్టుకున్నాం. "నేను నిన్ననే కార్వెట్ స్పోర్ట్స్ కారు కొన్నాను. నాకు నువ్వు నేర్పేదేమీ లేదు" అన్నాడు. అంటే నటన మొదలైందన్నమాట.

మెయిన్ స్ట్రెయిట్, అంటే మలుపుల్లేని పొడవాటి దారి, దాని చివర మొదటి మలుపు. బ్రేకు తొక్కాల్సిన బోర్డు దాటిపోయింది, ఆయన కాలు ఇంకా గ్యాస్ (యాక్సిలరేటర్) మీదే ఉంది. "సర్, మీరు ఇంకొంచెం ముందుగా బ్రేక్ వేయగలిగితే బాగుంటుందేమో" అని ఇంగ్లీషులో మర్యాదగా మొదలుపెట్టాను. నా వాక్యం పూర్తయ్యేసరికి కారు మలుపులో ఉంది. ఆయన అప్పుడు తీరిగ్గా "ఏమన్నావు?" అన్నాడు. ఇంజన్ హోరు, గాలి, ఇంటర్‌కమ్‌లో గరగర. మళ్ళీ చెప్పాను. అప్పటికి ఇంకో మలుపు వచ్చేసింది. అక్కడ ఆయన చూపు దూరంగా కాకుండా బానెట్ ముందే ఉంది. అదీ చెప్పాలి. ఇది చెప్పనా, అది చెప్పనా?

వీఐఆర్‌లో క్లైంబింగ్ ఎస్సెస్ అని ఉంటుంది, కొండెక్కుతూ కుడి ఎడమలకు మెలికలు తిరిగే భాగం. చాలా వేగంగా వెళ్ళే చోటు. అక్కడ సగంలో ఉన్నట్టుండి గ్యాస్ వదిలేశాడు. మలుపులో అలా వదిలేస్తే బరువంతా ముందు టైర్ల మీదికి వెళ్తుంది, వెనక టైర్లు తేలికై పట్టు తప్పుతాయి. కారు వెనక భాగం కదిలింది. నేను తలుపు పిడి పట్టుకున్నాను. ఎవరైనా పట్టుకుంటారు. ఆ సంగతి కూడా ఆయన గుర్తుపెట్టుకుని కాగితం మీద రాశాడు!

ఓక్ ట్రీ మలుపు దగ్గర ఇంకో తంతు. ఆ పేరు తెచ్చిన పెద్ద ఓక్ చెట్టు 2013లో కూలిపోయింది గానీ పేరు అలాగే ఉంది. దాని తర్వాత పొడవైన బ్యాక్ స్ట్రెయిట్ వస్తుంది కాబట్టి ఆ మలుపులో తొందరపడకుండా లోపలికి వెళ్ళి, బయటికి బాగా రావాలి. ఈ సంగతి నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. చెప్పడం మొదలుపెడితే "నాకు తెలుసులే" అని తొందరగా గ్యాస్ తొక్కి, బయటి గడ్డి అంచుదాకా వెళ్ళొచ్చాడు.

సరే, ఇదంతా పరీక్షలో భాగమే అనుకోవచ్చు. కానీ తర్వాత ఆయన చేసింది చూడండి. ఫలితం నాకు విడిగా చెప్పలేదు. క్లాస్‌రూమ్‌లో మిగతా అభ్యర్థులంతా ఉండగా, "నేను నాలుగో మలుపులో ఉంటే ఇతను ఒకటో మలుపు గురించి ఇంకా బతిమాలుతున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఇంకా బాగోదు కదా. చేతికిచ్చిన కాగితంలో 'మళ్ళీ రావాలి' అన్నచోట టిక్కు, దానికింద 'మాట అర్థం చేసుకోవడం కష్టం' అని ఉంది.

నాకు తగిలింది ఆ చివరి మాటే. ఆఫీసులో నాలుగు దేశాల వాళ్ళతో రోజూ కాల్స్ నడిపేది నేనే. ఒక్కడంటే ఒక్కడు నా మాట అర్థం కాలేదనలేదు. అదే రోజు పాసైన ఇంకో అభ్యర్థి, క్లబ్బు పెద్దలతో కలిసి చేపలు పట్టడానికి వెళ్ళే మనిషి, సాగదీసి మాట్లాడే యాసలో సగం మాటలు గొంతులోనే మింగేస్తాడు. ఆయన కాగితంలో అలాంటి ముక్కేమీ లేదని ఆయనే చూపించాడు. ఇంటికెళ్ళాక ఏం జరిగిందో నేను చెప్పలేదు. కారులోంచి సామాను దించే తీరు చూసి మా ఆవిడ తనే గ్రహించి టీ పెట్టింది.

ఆయన నటన మీద నాకు ఇప్పటికీ అభ్యంతరం ఉంది. నిజమైన కొత్తవాడు ఒకటో రెండో తప్పులు పదేపదే చేస్తాడు, పుస్తకంలోవన్నీ ఒకే ల్యాప్‌లో చేసిపెట్టడు. కానీ కూర్చుని లెక్క వేస్తే లెక్క మాత్రం ఆయన పక్షానే ఉంది. గంటకు 100 మైళ్ళ వేగంలో కారు సెకనుకు 147 అడుగులు పోతుంది. మూడు సెకన్ల మర్యాద వాక్యానికి 440 అడుగులు. అంత దూరంలో ఒక మలుపు మొదలై ముగిసిపోతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మనం పెరిగిన పద్ధతిలో అరవై ఏళ్ళ పెద్దాయన పక్కన కూర్చుని "తొక్కు! ఆగు! తిప్పు!" అనడం నోటికి రాదు. చిన్నప్పటినుంచి పెద్దలకు నచ్చజెప్పడమే నేర్పారు గానీ ఆజ్ఞలు వేయడం కాదు. ఆఫీసులో ఆ గుణమే మనకు ప్రమోషన్ తెస్తుంది. ట్రాక్ మీద కారును గోడకేసి కొడుతుంది. ఇది చెప్పే ట్రైనింగ్ ఎక్కడా లేదు. తప్పు యాసదని ఒక టిక్కు పెట్టి పంపేశారు.

అందుకని నా పాత వీడియోలు, కారులో కెమెరాతో తీసుకున్నవి, టీవీలో మాట లేకుండా పెట్టుకుని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ప్రతి మలుపుకీ ఒక్కో మాట. "బ్రేక్." "వెయిట్." "టర్న్." "లుక్." "గ్యాస్." తప్పు జరగబోయే ముందే పడాలి, జరిగాక కాదు. వివరణలన్నీ ప్యాడాక్‌కు వచ్చాకే. కారు తిరిగిపోతే "బోత్ ఫీట్ ఇన్", అంటే క్లచ్చి, బ్రేకు రెండూ పూర్తిగా తొక్కేయమని. కడుపులోంచి గొంతు తెచ్చి అనాలి. "ఎవరిమీద అలా అరుస్తున్నారు?" అని మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. తర్వాత వారమంతా మా అమ్మాయి స్కూలుకు వెళ్తూ వెనక సీట్లోంచి నన్నే "బ్రేక్, వెయిట్" అంటూ నడిపించింది. దాని టైమింగ్ నాకన్నా బాగుంది.

రెండోసారి మాక్ రైడ్‌కు ఇంకొకరిని ఇవ్వమని అడిగాను. మీరూ అడగండి, అడిగితే ఇస్తారు. ఈసారి ఒక ఆవిడ. భయపడే విద్యార్థిలా నటించారు. చేతులు బిగబట్టుకుని, అద్దాలు చూడకుండా, వెనక కార్లు బారులు తీరినా దారివ్వకుండా. నేను తక్కువ మాట్లాడాను. ఒక మలుపు దగ్గర, ముందు ప్రమాదం ఉందని చెప్పే పసుపు జెండా ఊపుతున్నా ఆవిడ వేగం తగ్గించలేదు. "గ్యాస్ వదలండి" అన్నాను. తగ్గించారు. ఆ ల్యాప్ చివర "పిట్‌లోకి" అన్నాను. "ఎందుకు?" అన్నారు. "పిట్‌లోకి" అన్నాను మళ్ళీ. కారు ఆగాక ఆ జెండా ఎక్కడుందో అడిగాను. ఆవిడ హెల్మెట్ తీసి, నటన ఆపేసి, నవ్వారు. కాగితంలో మాట అర్థం కావడం గురించి ఒక్క ముక్క లేదు. గొంతు నాదే, యాస అదే.

ఆ తర్వాత ఒక నిజం విద్యార్థితో, వెనక ఒక మెంటర్ కన్నేసి ఉంచగా, వారాంతం గడపాలి. నాకు పడ్డవాడు మన కుర్రాడే, ర్యాలీ పక్కనే ఉన్న క్యారీ ఊళ్ళో ఉంటాడు, కారు బీఎండబ్ల్యూ ఎం3. నా పేరు చూడగానే "అన్నా, ఫస్ట్ సెషన్‌లోనే 130 మైళ్ళు కొట్టొచ్చా?" అన్నాడు. ఆ తర్వాత కారు జారకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ ఆఫ్ చేయబోయాడు. "తమ్ముడూ, అది ముట్టుకుంటే నేను దిగిపోతా" అన్నాను. మన కుర్రాళ్ళతో ఇదే బాధ. రీల్స్ చూసి వస్తారు. కానీ పిల్లాడు తెలివైనవాడు. ఆదివారం మధ్యాహ్నానికి బ్రేకు ఒకే చోట, ఒకేలా తొక్కుతున్నాడు. కుడి సీట్లో (ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది) కూర్చున్నవాడికి అంతకన్నా సుఖం లేదు. సెషన్ అయ్యాక హ్యాండ్ బ్రేకు వేయొద్దని మాత్రం ప్రతిసారీ చెప్పాల్సొచ్చింది. వేడెక్కిన డిస్కును ప్యాడ్ పట్టుకుని ఉంటే పాడవుతుంది, గేర్‌లో పెట్టి దిగాలి.

వెళ్ళేవాళ్ళకు ఇంకొన్ని. కుడి సీట్లో కళ్ళు తిరుగుతాయి, ఎంత బాగా నడిపేవాళ్ళకైనా. పొద్దున్నే ఇడ్లీ చాలు, అల్లం దగ్గర పెట్టుకోండి. విద్యార్థి కారులో డ్రైవర్‌కు రేసింగ్ హార్నెస్ (భుజాలమీదుగా కూడా కట్టే పలు పట్టీల బెల్టు) ఉండి మీకు మామూలు బెల్టే ఉంటే ఎక్కకండి, రెండువైపులా ఒకేలా ఉండాలన్నది చాలా క్లబ్బుల నియమం. మామూలు కారు ఇన్సూరెన్సు ట్రాక్ మీద జరిగినదానికి చాలావరకు వర్తించదు, విడిగా కొనుక్కోవాలి. లైఫ్ ఇన్సూరెన్సు పాలసీలో మోటర్ రేసింగ్ గురించి ఏం రాశారో కూడా చదవండి. మా ఆవిడ చదివించింది, మంచిదైంది.

ఇన్‌స్ట్రక్టర్లకు హోటల్ ఖర్చులో సగం ఇస్తామన్నారు. రసీదు పంపాను. జవాబు లేదు. వచ్చే వారాంతం కాఫీ దగ్గర నిలబడతాను.