నేల అందని ఆరు నెలలు

నడుం ఆపరేషన్ అయి నిన్నటికి ఆరు నెలలు నిండాయి. నాకు 68 ఏళ్లు. వెన్నెముకలో నడుం దగ్గరి ఎల్4 అనే పూస దాని కింది ఎల్5 పూస మీద ముందుకి జారి, నరాలు దిగే దారి ఇరుకైపోయిందన్నారు. పది నిమిషాలు నడిస్తే చాలు, పిరుదుల దగ్గర్నుంచి పిక్కల దాకా ఒకటే లాగుడు, కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది, అందుకే వయసు వల్లేలే అనుకుని మూడేళ్లు ఊరుకున్నాను. రైతుబజారులో కూరల బల్ల మీద వాలి నిలబడితే ప్రాణం హాయిగా ఉండేది. ముందుకి వంగినప్పుడు ఆ ఇరుకు కాస్త తెరుచుకుంటుందట, డాక్టరుగారు చెప్తేగానీ తెలియలేదు.

ఎముక కొంత తీసి నరాలకి చోటు చేసి, నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు బిగించారు. మర్నాడే వాకర్ ఇచ్చి నాలుగడుగులు వేయించారు. మంచం మీంచి లేవడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. మోకాళ్లు మడిచి, భుజాలూ నడుమూ ఒకేసారి కదిలేలా దుంగలా పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందకి దించుతూ మోచేతి మీద ఆని లేవాలి.

వంగకూడదు, బరువు ఎత్తకూడదు, నడుం తిప్పకూడదు. చెప్పినప్పుడు ఇంతేనా అనిపించింది. కానీ మన బతుకంతా నేల మీదే కదా, ముగ్గు, పీట, కింద పెట్టిన బిందె, మంచం కిందికి పోయిన చెప్పు! మూడో వారంలో ఒక సాయంత్రం దీపం పెడుతుంటే అగ్గిపెట్టె చేజారింది. నా కాలి బొటనవేలికి జానెడు దూరంలో పడింది. ఇంట్లో ఎవరూ లేరు. వాకర్ పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాను, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. నొప్పి వల్ల కాదు. మావారు మందుల షాపు నుంచి వచ్చి, ఏమీ అడక్కుండా అగ్గిపెట్టె తీసి దీపం ఆయనే వెలిగించారు.

చూడ్డానికి వచ్చేవాళ్లకి ఒక్క మాట. నడుం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఎదుట "ఫలానా ఆవిడ మంచాన పడిపోయింది" అని దయచేసి అనకండి. ఆ రాత్రి నిద్ర పట్టదు. వంకాయ వాతం, పడుకునే ఉండమను అనే సలహాలూ వద్దు. మాకు డాక్టర్లు చెప్పింది నడవమని. నేను వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి మొదలుపెట్టి, ఇప్పుడు పొద్దున్నే అరగంట వీధిలో నడుస్తున్నాను.

ముందే తెలిస్తే బాగుండేది అనిపించినవి కొన్ని ఉన్నాయి. నొప్పి మాత్రలకి మలబద్ధకం బాగా చేస్తుంది, సిగ్గుపడకుండా మొదటి రోజే అడిగి మందు రాయించుకోండి. కాలి నొప్పి తొందరగానే పోయింది గానీ పాదంలో తిమ్మిరి ఇంకా ఉంది, దూది మీద నడిచినట్టే ఉంటుంది, నరం కోలుకోవడం అంత నెమ్మది. స్క్రూలు పడ్డాయి కదా, ఇక అయిపోయిందనుకోకండి, అవి స్లాబు కింద సెంట్రింగు లాంటివి, లోపల ఆ రెండు పూసల ఎముక ఒకటిగా అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. పొగ తాగేవాళ్లకి అది ఇంకా ఆలస్యం. కొన్ని రకాల నొప్పి మాత్రలు కూడా అతుక్కోవడానికి అడ్డు పడొచ్చంటారు, కాబట్టి షాపులో అడిగి కొని మింగకండి.

మొన్నటి ఎక్స్‌రేలో ఎముక బాగానే పెరుగుతోందన్నారు. నేల మీద కూర్చోవడం మాత్రం ఇంకా వద్దన్నారు. ధనుర్మాసం కదా, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను, మనవరాలు ముగ్గు పెడుతోంది. ఇవాళ పదిహేను చుక్కలు, ఎనిమిది దాకా, సందు చుక్క. నాలుగో వరసలో ఒక చుక్క ఎక్కువ పడింది. "అమ్మలూ, లెక్క చూసుకో" అన్నాను. "ఎక్కడ నానమ్మా?" అని వేలితో ఒక్కో చుక్కా లెక్కపెట్టుకుని, ఎక్కువైనదాన్ని చెరిపేసింది.