ఇంగ్లండ్ బడిలో కెరీర్స్ అడ్వైజర్‌గా

గుంటూరులో జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్పేదాన్ని. ఎంపీసీయా, బైపీసీయా అన్నది ఇంట్లోనే తేలిపోయాక పిల్లలు మా దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్లను విడిగా కూర్చోబెట్టి "నీకేం ఇష్టం?" అని అడగడమే ఉద్యోగంగా ఉంటుందని నేనెప్పుడూ వినలేదు. డిపెండెంట్ వీసా మీద ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చి, ఒక సెకండరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరాక చూశాను. చదువంటే విసుక్కునే ఇయర్ 11 (15-16 ఏళ్ల) అబ్బాయి ఒకడు కెరీర్స్ అడ్వైజర్‌ని కలిసి వచ్చి, ఇటుక పని నేర్పే కాలేజీల పేర్లున్న కాగితం నాకు చూపించాడు. ఎప్పుడు అప్లై చేయాలో కూడా వాడే చెప్పాడు. ఈ పని నేనూ చేయాలనిపించింది.

ఇక్కడ ఇది స్కూలు దయ మీద నడిచే పని కాదు. 2012 సెప్టెంబరు నుంచి పిల్లలకు స్వతంత్రమైన కెరీర్ సలహా ఇప్పించే బాధ్యత చట్టప్రకారం స్కూళ్లదే. స్కూళ్లలో కెరీర్ సలహా ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు, 2014లో వచ్చిన గాట్స్‌బీ బెంచ్‌మార్కులు ఎనిమిది. చివరిది మా పనికి ఆధారం: ప్రతి విద్యార్థికీ 16 ఏళ్లలోపు ఒకసారి, 18లోపు ఇంకోసారి శిక్షణ పొందిన అడ్వైజర్‌తో ముఖాముఖి మాట్లాడే అవకాశం ఉండాలి.

ఆ శిక్షణ అంటే లెవెల్ 6 (డిగ్రీ స్థాయి) డిప్లొమా. స్కూల్లో పనిచేస్తూనే పూర్తి చేయొచ్చు. యూనివర్సిటీలో పోస్ట్‌గ్రాడ్యుయేట్ కోర్సు దారి కూడా ఉంది. నేను డిప్లొమా చేశాను. మన చదువు వృథా పోదు గానీ, పరీక్ష రాసి గట్టెక్కే పద్ధతి మాత్రం కాదు. పిల్లలతో నువ్వు చేసే ఇంటర్వ్యూలను అసెసర్ పక్కన కూర్చుని గమనిస్తారు. నేరచరిత్ర ఉందేమో చూసే డీబీఎస్ చెక్ ఎలాగూ ఉంటుంది. నన్ను ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా తెమ్మన్నారు. జీతం గురించి కూడా చెప్పాలి. చాలా పోస్టులు స్కూలు నడిచే వారాలకే లెక్కగడతారు, ప్రకటనలో కనిపించే మొత్తం చేతికి రాదు.

అన్నిటికంటే కష్టం సలహా ఇవ్వకుండా ఉండటం. టీచర్‌గా నా అలవాటు జవాబు చెప్పడం. ఇక్కడ మొదట ఏం మాట్లాడుకుందామో పిల్లలతో ఒప్పందం చేసుకోవాలి. వాళ్లు చెప్పింది ఎంతవరకు మన మధ్యే ఉంటుందో, ప్రమాదం కనిపిస్తే ఎవరికి చెప్పక తప్పదో వివరించాలి. తర్వాత అడగాలి, వినాలి, మౌనాన్ని భరించాలి. పదహారేళ్ల తర్వాతి దారుల్లో ఎ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి), టీ-లెవెల్స్ (వృత్తి విద్య కోర్సులు), అప్రెంటిస్‌షిప్ (పనిచేస్తూ నేర్చుకోవడం) ఏదైనా ఒకే గొంతుతో వివరించాలి. మా స్కూల్లో సీట్లు నిండాలన్న ఆలోచన కూడా రాకూడదు. ఈ నిష్పక్షపాతం మీద నాకు చాలా గౌరవం. పదిహేనేళ్ల పిల్లకి తన గురించి తనే బయటికి మాట్లాడుకుంటూ ఆలోచించుకునే ముప్పావుగంట ఇంకెక్కడా దొరకదు.

తెలుగు తల్లిదండ్రులు కూడా నా దగ్గరికి వస్తుంటారు. "అమ్మా, మీరు మనవాళ్లు కదా, సూటిగా చెప్పండి, మెడిసిన్ వస్తుందా రాదా?" అంటారు. వస్తుందో రాదో నేను చెప్పను, తేదీలు చెబుతాను. మెడిసిన్‌కి యూకాస్ (యూనివర్సిటీ సీట్ల దరఖాస్తులు తీసుకునే సంస్థ) దరఖాస్తు అక్టోబరు మధ్యలోనే వెళ్లిపోవాలి, మిగతా కోర్సులకు జనవరి దాకా టైముంటుంది. మెడిసిన్ ప్రవేశ పరీక్ష యూక్యాట్ అంతకుముందు వేసవి నుంచి సెప్టెంబరు చివరిలోపు రాయాలి. స్కూల్లో చివరి ఏడాదైన ఇయర్ 13లో చేరాక మొదలుపెడితే చాలా ఆలస్యం.

వీసా సంగతి ఇంకా పెద్దది. నాన్న స్కిల్డ్ వర్కర్ వీసా మీదుండి, ఇంట్లో ఎవరికీ ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) రాకపోతే, ఇక్కడే జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి పరీక్షలు) రాసిన పిల్లకైనా సాధారణంగా ఓవర్సీస్ ఫీజే పడుతుంది, స్టూడెంట్ లోన్ రాదు. మెడిసిన్‌కి ఏడాదికి 40,000 పౌండ్లు దాటే యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి. ఆఫర్ చేతికొచ్చాక ఈ మాట విన్న ఇళ్లలో టెన్షన్ ఎలా ఉంటుందో చూశాను. అది పిల్లల తప్పు కాదు, వాళ్లకు ముందే ఎవరూ చెప్పలేదు. ఇమిగ్రేషన్ సలహా ఇచ్చే అధికారం నాకు లేదు. "యూనివర్సిటీ ఫీజుల విభాగాన్ని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి" అని మాత్రం ప్రతి ఇంటికీ చెబుతాను.

మీ పిల్లలు ఇక్కడ చదువుతుంటే ఇయర్ 9లో (13-14 ఏళ్లకు) జీసీఎస్ఈ సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే స్కూల్లో కెరీర్స్ అడ్వైజర్‌తో అపాయింట్‌మెంట్ అడగండి. దానికి ఫీజు ఉండదు. మొదటిసారి పిల్లల్ని ఒంటరిగా లోపలికి పంపండి.