0.8 మి.మీ. దగ్గర ఆగిపోయిన లైను

కంప్యూటర్‌లో గీస్తున్న పంపు స్కిడ్ (పంపు, దాని పైపులు ఒకే ఫ్రేమ్ మీద ఉండే యూనిట్) మోడల్‌లో ఫ్లాంజ్‌లు, గేట్ వాల్వు, టీలు అన్నీ చక్కగా అతికాయి. ట్యాంక్ నాజిల్ (పైపు కలిసే మూతి) ముందున్న 4 అంగుళాల లైను మీద, జాయింట్ కలవలేదని చెప్పే ఎర్ర గుర్తు మాత్రం పోనంటోంది. బుర్ర వేడెక్కిపోయింది.

అక్కడ లైను అడుగు పైకి లేచి మళ్ళీ అడ్డంగా తిరగాలి. చోటు లేదు కాబట్టి మధ్యలో పైపు లేకుండా రెండు లాంగ్ రేడియస్ ఎల్బోలు (పైపుని 90 డిగ్రీలు తిప్పే వంపు ముక్కలు) అంచుకి అంచు ఆనించి నేరుగా బట్ వెల్డ్. నాజిల్‌కి కావలసిన ఎత్తు 304.8 మి.మీ. కంటికి అతికినట్టే ఉంది. పోర్ట్ (మోడల్‌లో ఒక ముక్క ఇంకోదానికి అతుక్కునే బిందువు) నుంచి పోర్ట్‌కి కొలిస్తే లైను 0.8 మి.మీ. కింద.

ముందు ఫ్లాంజ్‌ల మధ్య ఉండే గాస్కెట్‌ని అనుమానించి తీసేశా. తేడా కదల్లేదు. దాని మందం లైను పొడవులోకి పోతుంది, ఎత్తుకి సంబంధం లేదు. ఎల్బోల మధ్య వెల్డ్ గ్యాప్ 3 మి.మీ. పెడితే ఈసారి 2.2 మి.మీ. పైకి పోయింది. చివరికి ఈ ఎల్బోలు తెచ్చుకున్న రెడీమేడ్ ముక్కల క్యాటలాగ్ ఫైలు తెరిచా. ఎల్బో బొమ్మలో వంపు వ్యాసార్ధం 1.5 × 4 అంగుళాల లెక్కన 152.4 మి.మీ. పోర్ట్ మాత్రం ఏఎస్ఎంఈ బి16.9 (ఇలాంటి వెల్డింగ్ ఫిట్టింగుల కొలతల అమెరికన్ స్టాండర్డ్) మెట్రిక్ పట్టికలోని 152 దగ్గర. ఎల్బోకి 0.4 చొప్పున రెండింటికి 0.8!

అసలు ఆ స్టాండర్డే ఈ సైజుకి సెంటర్ టు ఎండ్‌లో, అంటే పైన చెప్పిన ఆ 152 కొలతలో, ±2 మి.మీ. ఒప్పుకుంటుంది. చెన్నైలో ప్యారిస్ కార్నర్ వైపు వెళ్ళినప్పుడు సెంబుదాస్ వీధిలో ఓ షాపులో ఎల్బోలని బల్ల మీద బోర్లించి కొలిచా. పై అంచు ఎత్తులోంచి సగం ఓడీ (పైపు బయటి వ్యాసం), అంటే 57.15 తీసేస్తే ఒకటి 153కి దగ్గర, ఇంకోటి 151.5 లోపే. షాపాయన మన తెలుగాయనే. "కొంటారా, కొలిచి పోతారా?" అన్నాడు.

మధ్యలో 0.8 మి.మీ. పైపు ముక్క ఇరికిస్తే ఎర్ర గుర్తు పోయింది. కానీ మెటీరియల్ లిస్టులో ఆ ముక్క కూడా దర్జాగా ఎక్కి కూర్చుంది. అది చూస్తే ఏ ఫ్యాబ్రికేటరైనా దండం పెట్టేస్తాడు. తీసేశా.

ఎక్కడో దించుకున్న ఉచిత క్యాటలాగ్‌ల మీద నమ్మకం పోయింది. ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్‌లో పైపుల కోసం ఉన్న డోడో వర్క్‌బెంచ్ ఈ విషయంలో నయం, కొలతలు సీఎస్‌వీ (మామూలు అక్షరాల పట్టిక) ఫైళ్ళలో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి సరిచేసుకోవచ్చు. జాయింట్ల క్రమశిక్షణకి మాత్రం ఇప్పటికీ ఆటోక్యాడ్ ప్లాంట్ త్రీడీకే నా ఓటు.

ఈ ఆదివారం పోర్టులన్నీ అంగుళాల లెక్కకే మారుస్తా. 6 అంగుళాల ఎల్బో కూడా చూడాలి, పట్టికలో 229, లెక్కకి 228.6, అంటే అక్కడ తేడా రెండో వైపు. తర్వాత పంపు సక్షన్‌లో (నీళ్ళు పంపులోకి వచ్చే వైపు) 6×4 ఎక్సెంట్రిక్ రెడ్యూసర్, అంటే 6 అంగుళాల నుంచి 4కి తగ్గించే, ఒక వైపు చదునుగా ఉండే ముక్క. గాలి నిలవకుండా చదునైన వైపు పైకి రావాలి, సెంటర్ 27 మి.మీ. జరగాలి. దాని పోర్ట్ ఎక్కడ పెట్టారో ముందే కొలిచి మరీ మోడల్‌లోకి తెస్తా.