మా క్యాంపుకు వాళ్ళెందుకు రావట్లేదో తెలియడానికి ఏడాది పట్టింది

నేనొక యువజన సంఘంలో ఎనిమిదేళ్ళుగా వలంటీరుగా పనిచేస్తున్నాను. 15 నుంచి 20 ఏళ్ళ పిల్లలతో వారం వారం కలుస్తాం, ఏడాదికోసారి అయిదు రోజుల క్యాంపు పెడతాం. పోస్టరు మీద ఎప్పుడూ "అందరూ ఆహ్వానితులే" అని ఉంటుంది. కిందటేడాది పాత క్యాంపుల ఫోటోలు సర్దుతుంటే వచ్చినవాళ్ళంతా దాదాపు ఒకే తరహా ఇళ్ళ పిల్లలని గమనించాను. అనాథాశ్రమంలో పెరిగేవాళ్ళు, చదువు మానేసి పనికి వెళ్ళేవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. కమిటీలో అడిగితే "పిలుస్తూనే ఉన్నాం కదా, వాళ్ళకే ఆసక్తి ఉండదు" అన్నారు. నేనూ అన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

మొదటి ప్రయత్నం చెడిపోయింది, దాని గురించే ఎక్కువ చెప్పాలి. ఒక ఆశ్రమంతో మాట్లాడి ఆరుగురిని మా వారపు సమావేశానికి తీసుకొచ్చాం. వేదిక మీదికి పిలిచి పరిచయం చేశాం, అందరితో చప్పట్లు కొట్టించాం, బ్యానరు ముందు ఫోటో తీసుకున్నాం. మాకు చాలా తృప్తిగా అనిపించింది. మూడో వారానికి ఒక్కడే మిగిలాడు, తర్వాత వాడూ మానేశాడు. కారణం అడుగుదామని వెళ్తే చాలాసేపు మాట్లాడలేదు, చివరికి "అన్నా, మిగతావాళ్ళని కూడా అలా పైకి పిలిచి చూపిస్తారా?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రోజర్ హార్ట్ అనే ఆయన 1992లో యునిసెఫ్ కోసం రాసిన ఒక వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా చూపిస్తాడు. అందులో కింది మూడు మెట్లనూ ఆయన అసలు భాగస్వామ్యంగానే లెక్కపెట్టడు. ఆ మూడింటిలో ఒకదాని పేరు "అలంకరణ". చదవగానే మా బ్యానరు ఫోటో గుర్తొచ్చింది. ఆ ఆరుగురినీ మేం అచ్చంగా అలంకరణకే వాడుకున్నాం.

తర్వాత నాలుగు నెలలు ఎవరినీ పిలవలేదు. నేనూ ఇంకో అక్కా కలిసి, మా క్యాంపులకు రాని అలాంటి పిల్లలుండే చోట్లకే వెళ్ళి కూర్చునేవాళ్ళం. "మా దగ్గరికి ఎందుకు రారు" అని అడగడం మానేసి, మా దరఖాస్తు వాళ్ళ చేతికిచ్చి "ఇందులో ఎక్కడ ఆగిపోతారో చెప్పండి" అన్నాం. ఒకమ్మాయి రెండో పేజీ దగ్గరే పెన్ను పక్కన పెట్టేసింది. తల్లి సంతకం, తండ్రి సంతకం అని రెండు గళ్ళున్నాయి, తనకు ఇద్దరూ లేరు. వర్క్‌షాపులో పనిచేసే అబ్బాయికి శనివారం సాయంత్రం సెలవు దొరకదు, మా సమావేశాలన్నీ శనివారం సాయంత్రమే. బూట్లు, స్లీపింగ్ బ్యాగు, టార్చి, రెయిన్‌కోటు అని మేమిచ్చే సామాన్ల జాబితా చూసి ఒకడు మడిచి వెనక్కిచ్చేశాడు, ఏమీ అనలేదు.

అన్నిటికంటే బాధ కలిగించింది ఫీజు మినహాయింపు. అది ఉందని గర్వంగా చెప్పుకునేవాళ్ళం. కానీ అది కావాలంటే ఇంటి పరిస్థితి కాగితం మీద రాసివ్వాలి, దాన్ని కమిటీలో ఏడుగురు చదువుతారు. పదహారేళ్ళ పిల్ల తన పేదరికాన్ని ఏడుగురి ముందు నిరూపించుకోవాలన్నమాట. అంతకంటే రాకపోవడమే నయమని ఎవరికైనా అనిపిస్తుంది.

మార్చుదామంటే కమిటీ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "క్యాంపు స్థాయి పడిపోతుంది", "ఏమైనా జరిగితే ఎవరిది బాధ్యత", "ఉచితమంటే విలువ ఉండదు" లాంటి మాటలు వచ్చాయి. స్కౌట్స్ మొదలైన తీరు గురించి వాళ్ళతో మాట్లాడాను. 1907లో స్కౌట్స్‌ని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొట్టమొదటి క్యాంపులోనే పేరున్న బడుల పిల్లల్ని, శ్రామికుల పిల్లల్ని కలిపి ఉంచారు, రెండోవాళ్ళ దగ్గర తీసుకున్న రుసుము మొదటివాళ్ళు కట్టిన దానిలో అయిదో వంతు కన్నా తక్కువ. అంటే ఇది మేం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం (2006) 30వ అధికరణం ఆటల్లో, వినోదంలో ఇతరులతో సమానంగా పాల్గొనడం గురించే ఉందని కూడా చెప్పాను. మూడు సమావేశాలు పట్టింది, ఒకసారి నేను గొంతు పెంచాను కూడా. చివరికి ఒక్క క్యాంపుకి చూద్దామన్నారు.

దరఖాస్తు ఒక పేజీకి తెచ్చాం, సంతకం దగ్గర "బాధ్యులు" అని మాత్రమే ఉంచాం, వార్డెన్ చేసినా చాలు. ఫీజుకి అందరికీ ఒకేలాంటి కవరు ఇచ్చాం, ఎవరికి కుదిరినంత వాళ్ళు వేసి అతికించి ఇస్తారు, పైన పేరు ఉండదు. లోటు దాతల డబ్బుతో పూడ్చాం. సామాన్లు సంఘమే సమకూర్చి ఒక గదిలో పెట్టింది, సొంతవి ఉన్నవాళ్ళు కూడా అక్కడివే తీసుకోవాలి. ఇది మాత్రం కొందరు తల్లిదండ్రులకు నచ్చలేదు, మేం వెనక్కి తగ్గలేదు. వచ్చినవాళ్ళ గతం గురించి వలంటీర్లెవరూ అడగకూడదని కూడా నియమం పెట్టుకున్నాం.

వినికిడి లేని ఒకమ్మాయి చేరింది. సైగల భాష తెలిసినవాళ్ళని పెడితే సరిపోతుందని మేమే నిర్ణయించేయబోయాం. తననే అడిగితే పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటానని, అయితే ఒకేసారి ఇద్దరు మాట్లాడకూడదని, మాట్లాడే మనిషి మొహం మీద వెలుతురు ఉండాలని, రేపటి కార్యక్రమం ముందురోజే రాసివ్వాలని కాగితం మీద రాసింది. ఆ తర్వాత అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు: "రాత్రి మంట చుట్టూ కూర్చుంటారు కదా, అప్పుడు?" క్యాంపులో అందరికీ ఇష్టమైన గంట అది, దీపాలన్నీ ఆర్పేస్తాం, ఆ చీకట్లో తనకి ఒక్క మాటా అందదు. ఎవరు మాట్లాడితే వాళ్ళ చేతికి లాంతరు ఇద్దామని తనే చెప్పింది. మొదటి రాత్రి నుంచే లాంతరు చేతిలో ఉన్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఊరికే వినడం మొదలైంది, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా లాంతరు తమ దాకా వస్తే మాట్లాడారు.

ఆ క్యాంపుకి 38 మంది వచ్చారు, అందులో 11 మంది మా దగ్గరికి అంతకుముందు ఎప్పుడూ రానివాళ్ళు. తొమ్మిది మంది ఇప్పటికీ వస్తున్నారు. వర్క్‌షాపు అబ్బాయి కోసం సమావేశం ఆదివారం ఉదయానికి మార్చాం, వచ్చే క్యాంపు సామాన్ల లెక్కంతా వాడే చూస్తున్నాడు. లాంతరు అమ్మాయి కార్యక్రమాల కమిటీలో ఉంది.

మొదట వచ్చిన ఆ ఆరుగురిలో మాత్రం ఎవరూ తిరిగి రాలేదు. నన్ను ఆ ప్రశ్న అడిగినవాడి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను, బాగా మాట్లాడతాడు, క్యాంపు మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను, ఈసారి క్యాంపు గురించి అడగను.