రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే

పర్లాకిమిడిలో నాది మోటార్లకు వైండింగ్ చేసే షాపు. బండ్ల రిపేరు నా పని కాదు. అయినా చేతిలో మీటరు ఉంటుంది కాబట్టి చలికాలం వస్తే చాలు, ఎవరో ఒకరు బండి తోసుకుంటూ వస్తారు. "సాయంత్రం బాగానే ఉంది, తెల్లారి సెల్ఫ్ కొడితే టక్ మని ఊరుకుంది" అంటారు. మొన్న ఆ మాటతో వచ్చింది మా బావ.

బావది కాశీనగరం. వంశధార ఒడ్డున పండిన వంకాయ, బీరకాయ రెండు బస్తాలు బండికి కట్టుకుని, చీకటితోనే పర్లాకిమిడి మార్కెట్టుకు వస్తాడు. గంట ఆలస్యమైతే ధర పడిపోతుంది. ఆ బండికి కిక్ లేదు, సెల్ఫ్ ఒక్కటే దిక్కు. బస్తాలతో బండిని తోసి స్టార్ట్ చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. బ్యాటరీల షాపులో కొత్త బ్యాటరీ వేయించుకున్నాడు. నెల తిరక్కుండానే మళ్లీ అదే కథ. "ఇంకోటి మార్చమంటున్నార్రా, ఏం చెయ్యమంటావు?" అన్నాడు. "ఉండు బావా, ముందు కొలిచి చూద్దాం" అన్నాను.

నా బాధంతా ఇక్కడే. కొలవకుండా బ్యాటరీ మార్చడం మన దగ్గర అలవాటైపోయింది. డాబా మీద ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ అవుతుంటే ఏం చూస్తాం? ట్యాంకుకి చిల్లు పడిందా, ఎక్కడైనా కుళాయి కారుతోందా, అసలు మోటారు నిండా ఎక్కించిందా అనేగా. బ్యాటరీకీ ఆ మూడే ప్రశ్నలు. జవాబు తెలియకుండా ట్యాంకు మార్చేస్తే కొత్త ట్యాంకూ ఖాళీ అవుతుంది.

చలి వల్ల దిగిపోతోందని మా బజారులో గట్టిగా నమ్ముతారు. చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, ఇంజన్ ఆయిలు చిక్కబడుతుంది, అందుకే సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది. అంతేగానీ చలి చార్జింగును తాగేయదు. మన ఎండాకాలమే బ్యాటరీకి ఎక్కువ చేటు. అప్పటికే సగం ఖాళీగా ఉన్న బ్యాటరీని చలి బయటపెడుతుంది, అంతే.

ముందు బ్యాటరీ సంగతి తేల్చాం. చార్జరు పెట్టి నిండా ఎక్కించి, కాసేపు వదిలేసి కొలిస్తే 12.7 వోల్టులు. నిండిన బ్యాటరీకి అంతే ఉండాలి. 12.4 ఉంటే ముప్పావు వంతు, 12 ఉంటే పావు వంతు మిగిలినట్టు. ఛార్జింగు పెట్టాక కూడా 10.5 దగ్గరే ఆగిపోతే ఆరు సెల్లుల్లో ఒకటి పోయి ఉండొచ్చు. బ్యాటరీ నెగటివ్‌కి ఉండే నల్ల వైరు విప్పి, బండిలోనే అలా వదిలేసి పడుకున్నాం. పొద్దున్న చూస్తే ఇంచుమించు అదే 12.7. బ్యాటరీలో లోపం లేదని అక్కడే తేలిపోయింది. ఈ పరీక్షకు నైపుణ్యం అక్కర్లేదు, ఒక పది నంబరు పానా చాలు. విప్పేటప్పుడు ముందు నల్ల వైరు, బిగించేటప్పుడు అది చివర. ఎర్ర వైరు ముందు విప్పితే, పానా బాడీకి తగిలిన మరుక్షణం నిప్పురవ్వలు లేస్తాయి.

చార్జింగు చూశాం. స్టార్ట్ చేసి రేజింగ్ ఇస్తే బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 14.1 వోల్టులు వచ్చింది. 13.8 నుంచి 14.5 దాకా ఉంటే మంచిదే. 15 దాటితే, చార్జింగును అదుపులో ఉంచే రెగ్యులేటరు పని పట్టాల్సిందే. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకు పగలూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది కదా, ఊళ్లోనే నెమ్మదిగా చిన్న చిన్న దూరాలు తిరిగేవాళ్లకు సెల్ఫ్ తాగినంత కూడా తిరిగి ఎక్కదు. బావ బండి రోజూ దూరమే నడుస్తుంది. కాబట్టి అదీ కాదు.

ఇక మిగిలింది కారడం. ఆ రాత్రి వైర్లన్నీ బిగించే ఉంచి తెల్లవారుజామున కొలిచాం. 11.9.

తాళం తీసేసి, నల్ల వైరు విప్పి, ఆ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్యలో మీటరు పెట్టాను. కరెంటు మీటరు గుండానే పోవాలి. మీటరు ఎర్ర వైరును మీటరు మీది 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి మొదలుపెట్టాలి, చిన్న రేంజిలో పెడితే మీటరు ఫ్యూజు పోతుంది. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. మీటరు వైర్లను బ్యాటరీ ప్లస్, మైనస్ రెంటికీ ఒకేసారి పెట్టకూడదు, అది షార్టే. డిజిటల్ గడియారం ఉన్న బండైనా తాళం తీశాక కొద్ది మిల్లీఆంపియర్లు (ఆంపియరులో వెయ్యో వంతులు) తాగితే ఎక్కువ. ఇక్కడ 0.35 ఆంపియర్లు చూపిస్తోంది.

లెక్క చూడండి. బావ బండిది 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అంటే ఒక ఆంపియరు చొప్పున లాగితే ఐదు గంటలు వచ్చేది. సాయంత్రం ఏడు నుంచి తెల్లవారి నాలుగు దాకా తొమ్మిది గంటలు, 0.35 చొప్పున మూడు ఆంపియర్ అవర్లకు పైనే పోయినట్టు. మిగిలిన దాంతో సెల్ఫ్ ఎక్కడ తిరుగుతుంది?

హ్యాండిల్ దగ్గర సెల్‌ఫోన్ చార్జరు ఒకటి నేరుగా బ్యాటరీకి కలిపి ఉంది. అందరి అనుమానమూ దాని మీదే ఉంటుంది, నాదీ అంతే. విప్పితే 0.33కి దిగిందంతే. తర్వాత వైర్లను కలిపే కప్లర్లు ఒక్కోటీ పీకడం మొదలుపెట్టాను. హారన్ రిలే తీస్తే తేడా లేదు. సీటు కింద తడుముతుంటే ఆర్ఆర్ యూనిట్, అంటే రెగ్యులేటరూ రెక్టిఫయరూ కలిసి ఉండే డబ్బా, చేతికి తగిలింది. పెట్రోలు ట్యాంకు మీద మంచు నీళ్లు కారుతున్నాయి, దీని రెక్కలు మాత్రం పొడిగా, గోరువెచ్చగా ఉన్నాయి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో వేడి ఎక్కడినుంచి వస్తుంది? "చెయ్యి పెట్టి చూడు బావా" అన్నాను. ఆయన చెయ్యి పెట్టి, వెనక్కి తీసుకోకుండా నావైపు చూశాడు. కప్లరు లాగేశాను. మీటరు మీద 0.00.

ఆర్ఆర్ యూనిట్‌లో డయోడ్లు ఉంటాయి. ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే కాయిల్ నుంచి వచ్చేదాన్ని అవి బ్యాటరీ వైపే పోనివ్వాలి, వెనక్కి రానివ్వకూడదు. ఒక డయోడు అరకొరగా చెడితే ఇంజన్ తిరిగేటప్పుడు చార్జింగు బాగానే చూపిస్తుంది, ఆపాక బ్యాటరీలోది కాయిల్ వైపు కారిపోతుంది. బ్యాటరీల షాపులో 14 వోల్టులు చూసి చార్జింగు సరిగ్గానే ఉందని చెప్పారు. ఆ మాట నిజమే, కానీ ఆగిన బండిని ఎవరూ కొలవలేదు.

కొత్త యూనిట్ పాతపట్నంలో దొరికింది. బిగించే ముందు కప్లరు పిన్నులకు పట్టిన పచ్చటి చిలుము గీకి, యూనిట్ ఛాసిస్‌కి గట్టిగా ఆనేలా బోల్టు బిగించాను, లేకపోతే వేడి దిగక ఇదీ పోతుంది. మళ్లీ కొలిస్తే ఒక మిల్లీఆంపియరు కూడా లేదు. ఖాళీ అవుతూ ఉంటే ప్లేట్లు దెబ్బతింటాయి కాబట్టి, బ్యాటరీని అర ఆంపియరు మీద నెమ్మదిగా నిండా ఎక్కించి ఇచ్చాను. సెల్‌ఫోన్ చార్జరు వైరును తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరుకు మార్చాను. రెండో బ్యాటరీ కొనే పని లేకపోయింది.