నలభై దాటాక మిసిసిపీ జాన్ హర్ట్

అమెరికాలో పదిహేనేళ్లు ఉద్యోగం చేసి, పిల్లల్ని శనివారం డాన్సు క్లాసులో దింపి పార్కింగ్ లాట్‌లో ఎదురుచూసే వయసులో గిటారు కొనేవాళ్లు మన తెలుగువాళ్లలో కొత్తేం కాదు. బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) అనగానే ముందు బి.బి.కింగ్, ఎరిక్ క్లాప్టన్ గుర్తొస్తారు. ఎలక్ట్రిక్ గిటారు, ఆంప్లిఫయర్ వస్తాయి. రెండు నెలలకి అవి గరాజ్‌లోకి వెళ్తాయి. ఎందుకంటే ఆ సంగీతానికి వెనక డ్రమ్ముండాలి, బేస్ ఉండాలి, గట్టిగా వాయించే చోటుండాలి. అపార్ట్‌మెంట్‌లో, ఇండియా టీమ్‌తో రాత్రి కాల్ మొదలయ్యేలోపు దొరికే అరగంటలో ఇవేవీ కుదరవు. ఆ అరగంటకి సరిపోయే మనిషి పాతకాలపు బ్లూస్ గాయకుడు, గిటారు వాద్యకారుడు మిసిసిపీ జాన్ హర్ట్. బేస్, తాళం, పాట మూడూ ఒక్క కుడిచేత్తో నడిపినవాడు. అదీ గొంతు పెంచకుండా.

ఆయన 1890ల్లో మిసిసిపీ రాష్ట్రం కరోల్ కౌంటీలో పుట్టి, అవలాన్ అనే చిన్న పల్లెలో పెరిగాడు. పొలం పని, పశువుల పని, ఊళ్లో డాన్సులుంటే గిటారు. విల్లీ నార్మర్ అనే తెల్లజాతి ఫిడేలు వాద్యకారుడు ఓకే (OKeh) అనే రికార్డు కంపెనీకి ఈయన పేరు చెప్పాడు. 1928 ఫిబ్రవరిలో మెంఫిస్‌లో, డిసెంబరులో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు, మరుసటి ఏడు మార్కెట్టే కూలింది, ఆయన తిరిగి పొలానికి వెళ్లిపోయాడు. 1952లో హ్యారీ స్మిత్ కూర్చిన జానపద సంకలనంలో ఆయన పాటలు రెండు చేరినా, పాడినవాడు బతికున్నాడో లేదో ఎవరికీ పట్టలేదు. న్యూయార్క్‌లో రికార్డు చేసిన ‘అవలాన్ బ్లూస్’లో ఆయన తన సొంతూరి పేరు చెప్పుకున్నాడు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రాడు ఆ ఒక్క ముక్క పట్టుకుని, పాత అట్లాసులో ఊరు వెతికి, నేరుగా ఇంటికే వెళ్లాడు. అప్పటికి హర్ట్‌కి డెబ్బై ఏళ్లు, ఇంట్లో సొంత గిటారు లేదు. అదే ఏడు జులైలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ వేదిక మీద ఉన్నాడు.

ఆ తర్వాత భార్య జెస్సీతో వాషింగ్టన్ డి.సి.కి మకాం మార్చి, అక్కడ ఆంటారియో ప్లేస్ అనే కాఫీహౌస్‌లో వాయించాడు. డెబ్బై ఏళ్లకి మొదలైన వలస ఉద్యోగం అన్నమాట. చివరికి మిసిసిపీకే తిరిగొచ్చి, 1966 నవంబరు 2న అక్కడి గ్రెనడా అనే ఊళ్లో పోయాడు.

వినడానికి 1928 నాటి రికార్డులు, నేర్చుకోవడానికి 1963 తర్వాతవి. పాతవాటిలో చేతివేగం ఎక్కువ, గరగర ఎక్కువ. బేస్ తీగ ఎక్కడ మోగుతోందో కొత్త చెవికి అందదు. ఇంకో చిక్కుంది: ఆ కాలపు 78 రికార్డులు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవని పేరు) అన్నీ ఒకే వేగంతో తీసినవి కావు. మీ గిటారు ట్యూనర్‌లో పక్కాగా ఉన్నా పాటతో కలవకపోతే తప్పు మీది కాదు. కేపో (తీగలన్నిటినీ ఒకచోట అదిమిపెట్టే క్లిప్పు) ఒక ఫ్రెట్, అంటే నెక్ మీది ఒక లోహపు గీత, అటూ ఇటూ జరిపి చూడండి, అయినా కలవకపోతే తీగల్నే పాటకి శ్రుతి చేసుకోండి. యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గిస్తే శ్రుతి మారదు, మొదటి నెలకి అదే చాలు.

ఇక చేతి సంగతి. ముందు ఎడమచేత్తో సి కార్డు (కలిపి మోగే స్వరాల పట్టు) పట్టుకుని వదలొద్దు. తీగల లెక్క అన్నిటికన్నా సన్నతీగ ఒకటి నుంచి. కుడిచేతి బొటనవేలు ఐదో తీగ, నాలుగో తీగ, మళ్లీ ఐదు, మళ్లీ నాలుగు. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 మీద, ఒక్కో దెబ్బకి ఒక్కో తీగ. వేరే వేళ్లేవీ కదలకూడదు. విసుగొచ్చే పని, కానీ హర్ట్ సంగీతంలో సగం ఇదే. ఎప్పుడు చాలనుకోవాలో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది: బొటనవేలు నడుస్తుండగా పదిహేడో ఎక్కం పైకి చెప్పండి. పదిహేడు ఏళ్లు నూట పంతొమ్మిది దగ్గర వేలు తడబడిందా, ఇంకో వారం ఇదే చెయ్యాలి.

ఎక్కం దాటాక మధ్యవేలు ఒకటో తీగ మీద, చూపుడువేలు రెండో తీగ మీద పెట్టుకోండి. ఇక్కడ వన్-అండ్-టూ-అండ్ లెక్క కంటే మనవాళ్ల నోటికి తకదిమి తకజను తేలిక. ఎనిమిది అక్షరాలు. త, ది, త, జ మీద బొటనవేలు. క, మి, క, ను మీద మిగతా రెండు వేళ్లలో ఏదో ఒకటి. మొదట ఒక్క ‘క’ మీదే మధ్యవేలు వెయ్యండి, మిగతావి ఖాళీ. తర్వాత ‘మి’ చేర్చండి. నాలుగూ ఒకేసారి నింపితే బొటనవేలు వేళ్ల వెనక పరిగెత్తడం మొదలెడుతుంది, అది అలవాటైతే వదిలించుకోవడం కష్టం. చివరగా మొదటి ‘త’ మీద బొటనవేలు, మధ్యవేలు కలిపి ఒకేసారి గిల్లడం. ఈ మూడూ వస్తే ‘మై క్రియోల్ బెల్’ దాదాపు చేతిలో ఉన్నట్టే. సి, ఎఫ్, జి కార్డుల చుట్టూ తిరిగే పాట అది.

చిన్నప్పుడు వీణ నేర్చుకున్నవాళ్లకి ఇందులో ఒక లాభం, ఒక నష్టం. పాట ఒక వేలితో, తాళం చిటికెన వేలితో విడివిడిగా నడపడం చేతికి ముందే తెలుసు. కానీ వీణ మీద చూపుడువేలు, మధ్యవేలు మీటే దిశ కిందికి. ఇక్కడ ఆ రెండు వేళ్లూ అరచేతి వైపు పైకి లాగాలి. పాత అలవాటుతో తీగని బయటికి కొడితే చప్పుడు పలచగా, గోరు గీకినట్టు వస్తుంది.

ఎఫ్ కార్డు దగ్గర చాలామంది ఆగిపోతారు. బారె (ఒకే వేలితో తీగలన్నీ అదమడం) పట్టొద్దు. ఎడమచేతి బొటనవేలు నెక్ పైనుంచి వంచి ఆరో తీగ మొదటి ఫ్రెట్ నొక్కితే బేస్ దొరుకుతుంది. చెయ్యి చిన్నదైతే, కింది నాలుగు తీగలే పట్టుకుని కుడి బొటనవేలితో నాలుగు, మూడు తీగలు మార్చి మార్చి కొట్టండి. కార్డు మారేటప్పుడు ఎడమచెయ్యి ఆలస్యమైతే తప్పు స్వరమైనా సరే మోగనివ్వాలి, కుడి బొటనవేలు మాత్రం ఆగకూడదు. ఆగితే వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది. తప్పు బేస్ సగం మందికి తెలియదు.

సాఫ్ట్‌వేర్ వాళ్లలో మాత్రమే కనిపించే జబ్బు ఒకటుంది. ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసిన పాట) డౌన్‌లోడ్ చేసి, ఒక్కో గడిని కోడ్ లాగా బట్టీ పట్టడం. మధ్యలో ఒక తీగ తప్పితే మొదటి గడికి వెళ్లి మళ్లీ మొదలు. ఏడాది తర్వాత కూడా ఆ పాట తప్ప ఇంకోటి రాదు. ముందు పాట వరస నోటితో కూనిరాగం తియ్యండి. అది స్థిరంగా వచ్చాక వేళ్లు దాన్ని వెతుక్కుంటాయి. ట్యాబ్ అనుమానం తీర్చుకోవడానికే. హర్ట్ కూడా ప్రతి చరణం ఒకేలా వాయించలేదు.

గిటారు సంగతి. డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీ సోఫాలో కూర్చుంటే భుజం ఎత్తేస్తుంది. రోజంతా కీబోర్డు మీద ఉన్న భుజానికి అది అదనపు శిక్ష. కాన్సర్ట్ సైజో, 000 సైజో చూడండి. హర్ట్ కూడా చివర్లో వాయించింది గిల్డ్ ఎఫ్-30, పెద్ద ఆర్భాటం లేని చిన్న బాడీ గిటారు. పాతది 200 డాలర్లలో దొరికినా సరే, షాపులో సెటప్ చేయించండి: పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద సందు రెండున్నర మిల్లీమీటర్లు మించకూడదు. తీగలు 11-52 మందం సెట్. పిక్ అక్కర్లేదు, ఒట్టి వేళ్లే.

చలికాలం హీటర్ వేస్తే ఇంట్లో తేమ 25 శాతానికి కూడా పడిపోతుంది. చెక్క కుంచించుకుని ఫ్రెట్ల అంచులు చేతికి గుచ్చుకుంటాయి, తీగలు బజ్ మంటాయి, ఒక్కోసారి పైపలక చీలుతుంది. కేస్‌లో హ్యుమిడిఫయర్, పక్కనే చిన్న హైగ్రోమీటర్ పెట్టి 45-55 మధ్య ఉంచండి. వానాకాలం కాకినాడకో విశాఖకో తీసుకెళ్తే దీనికి తలకిందులు: పైపలక ఉబ్బి తీగలు ఎత్తు లేస్తాయి, అప్పుడు సిలికా జెల్ పొట్లాలు వెయ్యాలి.

కింది ఇంటివాళ్ల ఫిర్యాదు సాధారణంగా గిటారు మీద రాదు, మీ కాలి మీద వస్తుంది. చెక్క నేల మీద మడమతో తాళం వేస్తే కింద సుత్తి దెబ్బలా దిగుతుంది. యోగా మ్యాట్ నాలుగు మడతలు వేసి కాలి కింద పెట్టుకోండి. లీజులో రాసిన క్వైట్ అవర్స్ ఎప్పుడు మొదలో కూడా ఒకసారి చూసుకోండి, చాలా చోట్ల రాత్రి పదికి.

మెంఫిస్‌లో ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్లకి అవలాన్ ఒక శనివారం పని. ఇంటర్‌స్టేట్ 55 మీద దక్షిణంగా గ్రెనడా దాకా వంద మైళ్లు, అక్కడి నుంచి గ్రీన్‌వుడ్ వెళ్లే 7వ నంబరు హైవే మీద మధ్యలో వస్తుంది. రోడ్డు పక్క బ్లూస్ ట్రైల్ (బ్లూస్ చరిత్ర ఉన్న చోట్లని గుర్తుపెట్టే) ఫలకం ఉంది. మ్యూజియంగా మార్చిన ఆయన పాత ఇల్లు 2024లో కాలిపోయింది, దానికోసం వెళ్లొద్దు. సమాధి మాత్రం అడవిలో, సెయింట్ జేమ్స్ శ్మశానంలో ఉంది. వాన పడిన మర్నాడు చిన్న కార్లతో ఆ లోపలి దారి పట్టకపోవడం మంచిది. పెట్రోలు, తిండి రెండూ గ్రెనడాలోనే చూసుకోండి.