కిటికీ కింద గింజల కుప్ప ఎవరిదో తేల్చుకున్నాం

కాకినాడలో మాది పాత ఇల్లు. పడకగది కిటికీ కింద నేల మీద గోధుమరంగు గింజలు కుప్పగా పడటం మొదలైంది. దూరం నుంచి చూస్తే అచ్చం గసగసాలే. ఊడ్చేస్తే మర్నాడో, ఆ మర్నాడో మళ్ళీ సరిగ్గా అదే చోట.

ఇంట్లో తలో మాట. ఎలుకలే అన్నారు అత్తయ్య. పని చేసే అమ్మాయి బొద్దింకలంది. మా ఆయన గోడ సున్నం రాలుతోందని తేల్చేసి పేపర్లో తల పెట్టేశారు. సున్నానికి గోధుమరంగు ఎందుకొస్తుందో ఆయన్నే అడగాలి.

ఎలుక అనగానే నాకు టెన్షన్ పట్టుకుంది. వర్షాకాలం, ఎలుక మూత్రం, లెప్టోస్పైరోసిస్, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఏదో తేలేదాకా పొడి చీపురు ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను. ఊడిస్తే ఆ దుమ్మంతా గాల్లోకి లేస్తుంది. గ్లవ్స్, మాస్కు వేసుకుని, కొన్ని గింజలు తెల్ల కాగితం మీదకు తీసి పెట్టుకుని, మిగతా వాటి మీద బ్లీచింగ్ నీళ్ళు చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి తడిగుడ్డతో ఎత్తేశాను.

తర్వాత కాగితం ముందేసుకుని కూర్చున్నాను. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని, ఇంట్లో రెట్ట ఎవరిదో కనుక్కోలేకపోతే ఎలా? చిట్టెలుక పెంటికలు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల పొడవుంటాయి, కొనలు సన్నగా ఉంటాయి. పెద్ద ఎలుకవైతే సెంటీమీటరు దాటుతాయి. మా గింజ ఒక మిల్లీమీటరు కూడా లేదు. బల్లి రెట్టకైతే ఒక కొసన తెల్లటి ముద్ద ఉంటుంది, అది యూరిక్ ఆమ్లం. ఇక్కడ అదీ లేదు. గబ్బిలం రెట్టను పుల్లతో నలిపితే పొడిపొడిగా విడిపోయి పురుగుల రెక్కల ముక్కలు మెరుస్తాయి. ఇవి గోటితో నొక్కినా నలగలేదు.

కాస్త ఆలోచించాల్సి వచ్చింది బొద్దింక దగ్గరే. పెద్ద బొద్దింకల రెట్ట కూడా చిన్న చిన్న గొట్టపు ముక్కల్లాగే ఉంటుంది, పొడవునా గీతలు కూడా ఉంటాయి. కాకపోతే అది అలమర మూలల్లో, సింకు కింద చెదురుమదురుగా పడుతుంది, పక్కన మరకలుంటాయి, వాసనొస్తుంది. ఇలా నేల మీద ఒకేచోట శుభ్రంగా కుప్ప పోసే అలవాటు బొద్దింకకు లేదు.

మా అబ్బాయి స్టాంపులు చూసుకునే పది రెట్ల భూతద్దం తెచ్చి పెట్టి చూస్తే విషయం తేలిపోయింది. గింజలన్నీ ఒకే పరిమాణం, ఒకే ఆకారం. కొసలు గుండ్రంగా ఉన్నాయి. పక్కలు లెక్కపెడితే ఆరు, ప్రతి పక్కా కొంచెం లోపలికి నొక్కుకుని ఉంది. ఎండు కర్రలో బతికే చెదల విసర్జన ఇది. కర్రలో ఉన్న కాస్త తేమతోనే బతకాలి కాబట్టి వీటి పేగు చివరి భాగం విసర్జనలోని నీటినంతా పిండేసుకుంటుంది. అక్కడున్న ఆరు మెత్తల ఒత్తిడికే గింజకు ఆ ఆరు పలకలు వస్తాయి. కిటికీ చట్రం గాడిలో రాలిన రెక్కలు కూడా కొన్ని దొరికాయి. చీమ రెక్కలైతే ముందు జత పెద్దది, వెనక జత చిన్నది. ఇవన్నీ ఒకే పొడవు. ఉసుళ్ళవే, సందేహం లేదు.

టార్చి వేసి వెతికితే చట్రం పైకమ్మీలో, కుప్పకు సరిగ్గా పైన, గుండుసూది తల దూరేంత రంధ్రం కనిపించింది. లోపల గూడు నిండినప్పుడల్లా ఆ చెత్తను అందులోంచి బయటికి నెట్టేస్తాయి.

అటక మీది వెదురు బుట్ట కింద కూడా నుసి రాలుతుంటే అదీ ఇదే అనుకున్నారు అత్తయ్య. ఆ నుసిని వేళ్ళ మధ్య రుద్దితే గరుకే తగల్లేదు. అది కర్ర తొలిచే పెంకు పురుగు పని. బుట్టను పారేశాం.

చెదల మందు కొట్టే ఒక కంపెనీ అబ్బాయిని పిలిపించాం. గుమ్మంలోంచే చూసి, “చెదలే మేడమ్, ఇల్లంతా గోడ వెంబడి డ్రిల్లింగ్ చేసి మందు పంపాలి” అన్నాడు. మా తమ్ముడు సివిల్ ఇంజినీరు, ఆ పద్ధతి తెలుసు. చెదల నివారణకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 6313లో మూడో భాగం ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్ళకు ఉద్దేశించిందే. గోడ, నేల కలిసేచోట అడుక్కొక రంధ్రం వేసి మట్టిలోకి మందు పంపుతారు. నేలలోంచి వచ్చే చెదలకు అది సరైన వైద్యమే. అవి మట్టితో సంబంధం తెగితే బతకలేవు, అందుకే గోడ మీద మట్టి దారులు కట్టుకుంటాయి. మా గోడల మీద ఒక్క మట్టి గీత లేదు. మా కిటికీలో ఉన్నవి జన్మలో నేల ముఖం చూడవు, టైల్స్ కింద మందు పోస్తే వాటికేం తెలుస్తుంది? ఆ మాటే అడిగితే, “మా దగ్గర ఉన్న ప్యాకేజీ ఇదే మేడమ్” అన్నాడు. పాపం, అతని తప్పేముంది. పంపించేశాం.

వడ్రంగి బాబాయి వచ్చి స్క్రూడ్రైవర్ పిడితో చట్రం పొడవునా కొట్టుకుంటూ పోయాడు. పైకమ్మీ సగం డొల్లగా మోగింది. ఆ మేర సుద్దతో గీసి, ఉలి పెట్టి కొడితే పైపొర కాగితం మందాన ఊడొచ్చింది. లోపల నున్నటి సొరంగాలు, వాటి నిండా అవే గింజలు, నాలుగైదు తెల్లటి చెదపురుగులు. “మట్టి లేదు చూడమ్మా. ఇది కర్రలోనే పుట్టి కర్రలోనే పెరిగింది” అన్నాడు.

పైకమ్మీని కోసి తీసి కాల్చేశాం. బాగానే ఉన్న నిలువు కమ్మీల్లో ఏటవాలుగా సన్నటి రంధ్రాలు వేసి, సిరంజితో చెదల మందు ఎక్కించి, ఇంక పీల్చుకోవడం లేదనేదాకా ఆగాగి పోసి, పుట్టీతో మూశాడు. వాసన పోయేదాకా ఆ గదిలో ఎవరం పడుకోలేదు.

తర్వాత కిటికీ కింద నల్ల చార్టు పరిచాను. చెదలు చచ్చినా, సొరంగాల్లో మిగిలిన పాత గింజలు కిటికీ రెక్క విసురుగా పడినప్పుడల్లా రాలుతూనే ఉంటాయి. నాలుగు గింజలు కనిపించగానే మందు పనిచేయలేదని కంగారు పడకూడదు, కుప్ప మళ్ళీ పెరుగుతోందా అన్నదే చూడాలి. మొదట్లో కొన్ని పడ్డాయి, తగ్గాయి, తర్వాత చార్టు మీద దుమ్ము తప్ప ఏమీ లేదు.

కొత్త కమ్మీకి టేకు చేవ తెప్పించాడు బాబాయి. టేకు అని పేరున్నంత మాత్రాన సరిపోదు, పైనుండే తెల్ల చెక్కను చెదలు తినేస్తాయి. ఖరీదు బాగానే అయింది. మిగతా కిటికీలకు అల్యూమినియం పెట్టించేద్దామని మా ఆయన అంటున్నారు. అత్తయ్య మాత్రం తన పెళ్ళినాటి కిటికీల మీద చెయ్యి వెయ్యనివ్వడం లేదు.